ఉప్పు తడి

"నిమ్మమొక్కకి పురుగు పట్టీసింది, సూసుకోలేదేటే? పురుగుల మందు అమ్మీవోడి పెరట్లో పురుగులంటే జనం నవ్వరా?"

ధనరాజ్ పళ్ళు తోముకుంటూ పెరట్లోంచి కేకేసేసరికి అరుణశ్రీ అత్తగారి పక్కబట్టలు మారుస్తోంది. ఒక చేత్తో కూర్మమ్మ భుజం పట్టి గోడవైపు ఒత్తిగిలించి, రెండో చేత్తో తడిసిన దుప్పటి సగం లాగి, ఆ ఖాళీలో పొడి దుప్పటి దోపి, మళ్ళీ ఇటు తిప్పి మిగతా సగం లాగాలి. మధ్యలో వదిలేస్తే మనిషి జారిపోతుంది. అందుకని వెంటనే బదులివ్వలేకపోయింది. "ఇనబడ్డాదా?" అని ఇంకో కేక వచ్చింది. "ఆఁ," అంది.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన వారానికి కూర్మమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముక్కలు ముక్కలుగా మిగిలింది. అప్పటికి రెండేళ్ళుగా ఆ దుప్పట్లు, ఆ స్నానాలు, ఆ గోరువెచ్చని జావ, అన్నీ అరుణశ్రీవే. "మా అమ్మకి నేనున్నాను" అని ధనరాజ్ అందరితోనూ అంటాడు. ఉన్న మాట నిజమే. పొద్దున షాపుకు వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "ఎలాగున్నావమ్మా?" అని అడిగి వెళతాడు. ఆ గది లోపలికి వస్తే ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకోవాలి కాబట్టి రాడు.

నరసన్నపేట బజారు వీధిలో వాళ్ళది ఎరువులు, పురుగుమందుల షాపు. మధ్యాహ్నం అతను ఇంటికొచ్చి భోంచేసి నడుం వాల్చే రెండు గంటలూ షాపులో అరుణశ్రీ కూర్చుంటుంది. ఆమె బొబ్బిలిలో బోటనీతో బీయస్సీ చదివింది. రైతు వరి దుబ్బు తెచ్చి కౌంటరు మీద పెడితే, ఆకు వెనక్కి తిప్పి ఒక్కసారి చూసి, అది సుడిదోమో, తెగులో, ఒట్టి జింకు లోపమో చెప్పగలదు. చెప్పినా, "సార్ లేరా అమ్మా? సార్నొక్కసారి సూడమనండి," అంటారు. సార్ వచ్చి, లోపలికి పిలిచి, "ఏటిది?" అని ఆమెనే అడిగి, బయటికెళ్ళి అదే మాట తనదిగా చెబుతాడు. వాళ్ళు తృప్తిగా తలూపుతారు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నవ్వు కూడా రాలేదు.

ఆ రోజు మందు బుడ్డి, చేతిపంపు తీసుకుని నిమ్మమొక్క దగ్గరికి వెళ్ళింది. లేత ఆకుల మీద పిట్టరెట్టలా ఉన్నవి రెండు, ఆకుపచ్చగా, బొద్దుగా ఉన్నవి మూడు, మొత్తం ఐదు గొంగళిపురుగులు. పెద్దదాన్ని పుల్లతో కదిపింది. అది తల వెనక్కి విరిచి, నారింజరంగు కొమ్ముల్లాంటివి రెండు బయటికి చాపింది. ఘాటైన నిమ్మవాసన. అంతే, అరుణశ్రీకి ఇరవై రెండేళ్ళ కిందటి ప్రాక్టికల్సు గది, కిటికీ పక్క బల్ల, రికార్డు పుస్తకంలో పెన్సిలుతో గీసిన బొమ్మ గుర్తొచ్చాయి. ఆ బొమ్మ చూసి జువాలజీ మేడమ్ క్లాసులో అందరికీ చూపించారు. ఆ రికార్డు పుస్తకం పెళ్ళైన మూడో నెలలో పొయ్యిలోకి పోయింది. "సదువుకున్న కోడలంట, గంజి వార్సడం రాదు గానీ బొమ్మలేస్తాది," అన్నది కూర్మమ్మే. ప్రైవేటు స్కూల్లో టీచరు పని వస్తే, "ఆడది తెచ్చిన కూడు మా ఇంట్లో ఎవులూ తినరు," అన్నదీ ఆవిడే. ధనరాజ్ ఆ మాటకు అడ్డు చెప్పలేదు.

మందు కొట్టకుండానే బుడ్డి మూత బిగించింది. సాయంత్రం అతనడిగితే "కొట్టాను" అంది. ఆ అబద్ధం నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం.

నిమ్మాకులన్నీ ఈనెలు మిగిలేలా తిన్నాక ఆ పురుగులు కొమ్మలకు సన్నటి దారంతో నడుముకట్టు కట్టుకుని, గూళ్ళుగా మారి వేలాడాయి. పది రోజులకు ఒకటి విచ్చుకుంది. నలుపు మీద పసుపు మచ్చలు, తోక దగ్గర ఎర్రచుక్క. రెక్కలు ఆరేదాకా అరగంటపాటు కొమ్మమీదే కూర్చుంది. పొయ్యిమీద పాలు పొంగిపోయాయి. అరుణశ్రీ కదల్లేదు.

అక్కణ్ణించి ఆమెకు పని పెరిగింది, అయితే ఈసారి ఎవరూ చెప్పని పని. పెరడు చిన్నదే, అత్తగారి కిటికీ దగ్గర్నుంచి ప్రహరీ దాకా ఓ ముప్పై అడుగులు. హైవే పక్క గుంటలోంచి జిల్లేడు తెచ్చి పాతింది. రేల విత్తులు నానబెట్టి మొలిపించింది. కసింద దానంతటదే మొలిస్తే పీకకుండా వదిలింది. ఈశ్వరి తీగ కోసం పనిమనిషి దేముడమ్మని అడిగితే, వాళ్ళ ఊరి చెరకు తోట గట్టునుంచి వేరుతో సహా తవ్వి తెచ్చిచ్చింది. తేనెకోసం బంతి, బిళ్ళగన్నేరు, గడ్డిచామంతి. ఏ సీతాకోకచిలుక ఏ ఆకు తింటుందో, ఎక్కడ గుడ్డు పెడుతుందో కొంత పాత చదువులోంచి తీసింది, కొంత విశాఖలో హాస్టల్లో ఉన్న కూతురు కొనిచ్చిన ఫోన్లో చూసుకుంది. పూలు పెడితే అవి వచ్చి వెళ్ళిపోతాయి. ఉండిపోవాలంటే ఆకులు పెట్టాలి, ఆ ఆకుల్ని తిననివ్వాలి. ఆ సంగతి తెలిసిన రోజు ఆమెకు ఎందుకో చాలాసేపు మనసు బాగోలేదు.

"జిల్లేడు ఇంట్లో ఎవులైనా ఏస్తారేటే? పాడుబడ్డ కొంపలో మొలుస్తాది అది," అన్నాడు ధనరాజ్. "పీకీ."

"అత్తమ్మ మోకాలికి కట్టు కట్టడానికండి," అంది. రెండో అబద్ధం.

కూర్మమ్మ మంచం కిటికీ పక్కనే ఉంటుంది. ఇరవై ఏళ్ళపాటు ఆ ఇంట్లో గొంతు వినిపించిన మనిషి ఇప్పుడు రోజంతా పైకప్పు చూస్తూ పడుకునేది. పక్క తడిపిన ప్రతిసారీ మొహం గోడకు తిప్పుకునేది. కోడలు ఏమీ అనేది కాదు. అనకపోవడమే ఆవిడకు ఎక్కువ కష్టంగా ఉండేదేమో.

పెరట్లో తూము దగ్గర అరుణశ్రీ ఆ దుప్పట్లు ఉతికితే ఆ నీళ్ళు జిల్లేడు మొదట్లోకి పారి, మట్టి ఎప్పుడూ తడిగా ఉండేది. ఆ ఫాల్గుణంలో ఒకరోజు ఎండెక్కాక ఆ తడిమట్టి మీద లేత ఆకుపచ్చ, లేత పసుపు రెక్కలవి ఇరవై, ముప్పై బారుగా వాలి, రెక్కలు నిలువుగా మూసి కూర్చున్నాయి. కదలడం లేదు. మట్టిలోకి సన్నటి గొట్టాలు దించి తాగుతున్నాయి. అరుణశ్రీ తడిచేతులతోనే లోపలికి పరిగెత్తి, అత్తగారి వీపు కింద దిండ్లు పెట్టి, పైకి లేపి కూర్చోబెట్టి, కిటికీ రెక్క తీసింది.

"చూడండి అత్తమ్మా. పూలకి రాలేదు. ఉప్పుకొచ్చాయి."

కూర్మమ్మ అర్థం కానట్టు చూసింది.

"మీ దుప్పట్లుతికిన నీళ్ళు. అందులో ఉప్పుంటుంది కదా, అది కావాలి వాటికి. నిన్నా మొన్నా కూడా వచ్చాయి. మీకోసమే వస్తున్నాయి."

ఆవిడ మొహం ఒక పక్కకే కదులుతుంది. ఆ పక్క ముందు వణికింది, తర్వాత విచ్చుకుంది. గొంతులోంచి గురకలాంటి చప్పుడొచ్చింది. ఏడుస్తోందేమోనని అరుణశ్రీ భయపడింది. నవ్వుతోంది. ఎడంచేత్తో కోడలి మోచెయ్యి పట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, ఊపిరాడనంతగా నవ్వుతోంది. "ఓలమ్మ... ఓలమ్మ... నా ఉచ్చకి..." అని ఆ పైన మాట రాక మళ్ళీ నవ్వింది. అరుణశ్రీకీ నవ్వు ఆగలేదు. ఇద్దరూ కలిసి నవ్వడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

ఆ రోజునుంచి పొద్దున స్నానమవగానే కూర్మమ్మ ఎడంచెయ్యి కిటికీవైపు చూపించేది. కోడలు షాపులో ఉన్నప్పుడు ఏమేం వచ్చాయో ఆవిడే చెప్పేది. "నల్లది... ఎర్ర పొట్ట... రొండు." అంటే ఈశ్వరి తీగకు వచ్చేవన్నమాట. జిల్లేడు మీద నారింజరంగుది ఒక్కొక్క గుడ్డే ఒక్కొక్క ఆకుకు అంటించి పోవడం ఆవిడే ముందు చూసింది. ఒక మధ్యాహ్నం గంటసేపు ముక్కలు ముక్కలుగా ఏదో చెప్పింది. ఆ ముక్కలన్నీ అతికించుకుంటే అరుణశ్రీకి ఇంత తెలిసింది. ఆవిడ పుట్టింది ఉద్దానంలో. జీడితోటల్లో ఇవంటే వందలు. చిన్నప్పుడు పరిగెత్తి పట్టుకునేది. "పట్టీదాన్ని... ఒగ్గీదాన్ని." పన్నెండో ఏట పెళ్ళయింది. అత్తవారింటికొచ్చిన మొదటి ఎండాకాలం ఒక దాని వెనకాల వీధిలోకి పరిగెత్తింది. మామగారు జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చాడు. అది చెప్పి ఆవిడ ఎడంచేత్తో తన తల మీద ఒకచోట తడుముకుంది. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ చోటు ఆవిడకు తెలుసు.

"నిన్ను... నేను..." అంటూ మొదలుపెట్టింది ఇంకోరోజు. పూర్తి చెయ్యలేకపోయింది. "పోనిద్దురూ," అంది అరుణశ్రీ. అంత తేలిగ్గా అని ఉండాల్సింది కాదని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆ మాట పూర్తయ్యేదాకా ఆగి ఉండాల్సింది.

మరుసటేడు ఆశ్వయుజంలో దాలయ్య అనే రైతు షాపు మూసేసి ఉందని ఇంటికే వచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ చుట్టూ చూశాడు. ఆకులన్నీ జల్లెడల్లా ఉన్నాయి. "ఏటి బాబూ, ఊరందరికీ మందులిస్తావు, నీ పెరట్లో పురుగులు సంత పెట్టీసినాయి గదా!" అన్నాడు. ధనరాజ్ పెద్దగా నవ్వాడు. దాలయ్య వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాడు. వెళ్ళాక భోజనం ముందు కూర్చుని, "నా పరువేటవ్వాల?" అని ఒక్క మాటన్నాడు. అరుణశ్రీ అది అయిపోయిందనుకుంది.

కార్తీకంలో బొబ్బిలిలో ఆమె తల్లి తద్దినం. కూర్మమ్మ మంచాన పడ్డాక ఆమె ఒక్కసారీ పుట్టింటికి వెళ్ళలేదు. భయపడుతూనే అడిగితే, "ఎల్లు. ఒక్క రోజే కదా, నేనుంటాను," అన్నాడు ధనరాజ్. అంత సులువుగా ఒప్పుకున్నందుకు ఆమెకు అతని మీద ప్రేమలాంటిది కలిగింది. దేముడమ్మకు అన్నీ అప్పగించి తెల్లవారి బస్సెక్కింది. సాయంత్రం ఆరు కాకముందే ఇంటి సందు మలుపు తిరిగింది.

వాసన అక్కడికే వచ్చింది. ఆమె రోజూ షాపులో పీల్చే వాసనే.

ధనరాజ్ కుళాయి దగ్గర పెట్రోలుతో నడిచే మందు పంపు కడుగుతున్నాడు. ఆమెను చూసి నవ్వుతూ లేచాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. "వచ్చీసావా? నీకో పని తప్పించీసాను. పెరడంతా శుభ్రం. ఇంక ఆ బెడద లేదు." పంపు తిప్పి నీళ్ళు ఒంపుతూ, "ఆఁ, అమ్మ కాస్త మంచం మీంచి పడిపోయింది. ఏటీ అవ్వలేదు. పడుకోబెట్టాను," అన్నాడు.

గదిలో కూర్మమ్మ కళ్ళు తెరిచే ఉంది. ఎడంకాలు బయటివైపు తిరిగిపోయి ఉంది. అరుణశ్రీ చీర తొలగించి చూసింది. రెండు మోకాళ్ళూ, ఎడమ మోచెయ్యీ చెక్కుకుపోయి రక్తం ఎండింది. చీర ముందుభాగం నిండా నేల మీది దుమ్ము. ఎడంచేతి గోళ్ళలో మట్టి.

"ఎక్కడ పడ్డారండీ?"

"అదిగో, పెరటి గుమ్మంలో," అన్నాడు ధనరాజ్ వెనకనుంచి. "దేముడమ్మ అప్పటికే ఎల్లిపోయింది. నేను పంపు ఆపి తిరిగేసరికి అక్కడుంది."

మంచానికీ పెరటి గుమ్మానికీ మధ్య ఒక గది, ఒక వరండా. అతను ఆ దూరం గురించి ఆలోచించలేదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో తుంటి విరిగిందన్నారు. వయసు, షుగరు, ఆపరేషను తట్టుకోలేదన్నారు. ధనరాజ్ ఫోను మాట్లాడ్డానికి బయటికి వెళ్ళినప్పుడు అరుణశ్రీ వంగి అడిగింది. "ఏమైంది అత్తమ్మా?"

"దిగినాను." ఆ ఒక్క మాటా స్పష్టంగా వచ్చింది. తర్వాత ఊపిరి కోసం ఆగి ఆగి, "పిలిసినాను... ఒరే, వద్దురా... ఆ పంపు సప్పుడు... ఆడికి ఇనపడనేదు." కళ్ళు మూసుకుంది. "ఇనపడినా... ఆడెప్పుడిన్నాడు."

"ఎందుకు దిగారు? నేనొచ్చి చూసుకునేదాన్ని కదా. మొక్కలే కదా, పోతే పోయేవి."

కూర్మమ్మ తల అడ్డంగా ఊపింది. కోడలి వేళ్ళు వెతికి పట్టుకుంది.

"నీయి గదే అయి," అంది.

అరుణశ్రీ ఆ మంచం ఇనుప కమ్మీ మీద తల పెట్టి ఏడ్చింది. ఆ ఇంట్లో వంట ఆమె చేసేది, ఇల్లు అతనిది. పెట్టెలో నగలు కూతురికి. షాపు మీద పేరు అతనిది. ఏ వస్తువైనా చూపించి "ఇది నీది" అని ఇన్నేళ్ళలో ఒక్కరూ అన్నది లేదు. ఆ మాట అన్న మనిషి తుంటి విరిగి పడుకుని ఉంది.

మర్నాడు బట్టలకోసం ఇంటికొచ్చి పెరటి తలుపు తీసింది. జిల్లేడు ఆకుల నుంచి చారల పురుగులు తడిసిన దారప్పోగుల్లా వేలాడుతున్నాయి. తడిమట్టి మీద, ఎప్పటిలాగే బారుగా, ఆకుపచ్చ రెక్కలు. పక్కకు ఒరిగిపోయి. ఒకటి ఇంకా రెక్క ఆడించబోతోంది. ఈశ్వరి తీగ కింద నల్లవి. ఎన్నో లెక్కపెట్టలేదు. "అలా ఒగ్గీకు, సీమలు పడతాయి," అన్నాడు ధనరాజ్ లోపల్నుంచి. చీపురు తెచ్చి ఊడ్చింది. వాటిని ఊడ్చే పని కూడా ఆమెదే. చేటలోకి ఎత్తుతుంటే రెక్కల రంగు చీపురు పుల్లలకు అంటుకుంది.

కూర్మమ్మను ఇంటికి తెచ్చేశారు. కిటికీ తెరవమని మళ్ళీ చెయ్యి చూపించలేదు. ఊపిరితిత్తులకు నెమ్ము చేసి, తొమ్మిదో రోజు పొద్దున, కోడలు జావ చల్లార్చుతుంటే పోయింది.

పన్నెండో రోజు భోజనాలు. వరండాలో రెండు బంతులు ఆకులు వేశారు. అరుణశ్రీ తెల్లవారకముందు నుంచీ నిలబడే ఉంది. పొద్దున ధనరాజ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఇంక నీకింట్లో పనేటుంది? సోమవారం నుంచి రోజంతా షాపులో కూకో," అని చెప్పి వెళ్ళాడు.

మొదటి బంతిలో ఆడపడుచు తాయారు కూర్చుంది. ధనరాజ్‌కు అక్క, ఇచ్ఛాపురంలో ఉంటుంది. తల్లి మంచాన పడ్డాక రెండుసార్లు వచ్చింది. అన్నం కలుపుతూ గొంతు పెంచి ఏడుపందుకుంది. "ఒక్క రోజు! ఒక్క రోజు ఆగలేకపోనావేటమ్మా? నువ్వు పుట్టింటికి ఎల్లకపోతే మాయమ్మ బతికుండును గదా. మంచం మీంచి పడిపోతే ఎత్తీవోళ్ళు నేక..."

ఆకుల ముందున్న వాళ్ళంతా అరుణశ్రీ వైపు చూశారు. ఎవరో అయ్యో అన్నారు. ధనరాజ్ పక్కనే నిలబడి ఉన్నాడు. అతను ఒక్క మాట చెప్తే చాలు. ఆమె అతని మొహం చూసింది. అతను కళ్ళు దించుకుని, "పోన్లే అక్కా. దానికి మాత్రం తెలుసేటి. పడిపోవాలని రాసుంది," అన్నాడు. ఎంతో పెద్ద మనసుతో భార్యను క్షమిస్తున్నట్టు అన్నాడు.

అరుణశ్రీ చేతిలో అన్నం గిన్నె ఉంది. వేడికి చేతులు కాలుతున్నాయి. దాన్ని తీసుకెళ్ళి ధనరాజ్ చేతుల్లో పెట్టింది. అతను కంగారుగా పట్టుకున్నాడు.

"మీరు వడ్డించండి," అంది. "సోమవారం నేను షాపుకి రాను. ఏ వారమూ రాను. నాకు వేరే పని చూసుకుంటాను."

"ఏటే, ఇప్పుడా ఆ మాటలు? అందరూ..."

ఆమె అప్పటికే తాయారు వైపు తిరిగింది. ఇరవై రెండేళ్ళలో ఆ వరండాలో అందరూ వినేలా ఆమె మాట్లాడ్డం ఇదే.

"ఆవిడ దొరికింది పెరటి గుమ్మంలో వదినా. పడిపోయిన మనిషి గది దాటి, వరండా దాటి అక్కడిదాకా రాదు. మీ తమ్ముడు పెరట్లో మందు కొడుతుంటే, వద్దని చెప్పడానికి వచ్చింది. ఒక చేత్తో, మోకాళ్ళ మీద వచ్చింది. అత్తమ్మ మంచం మీంచి పడిపోలేదు వదినా. దిగింది."